కామెంట్లలో కనిపించే జనం ఎవరు?

"జనం ఎలా తయారయ్యారో చూడు" అంటూ అన్నయ్య తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. కొత్తగా వచ్చిన ఒక రూలు మీద ఎవరో పెట్టిన రాజకీయ పోస్టు అది. దాని కింద వందల కామెంట్లు. పైనున్న ఐదారు చదివేసరికే మనసు పాడైపోయింది. ఒకరు ఇంకొకరి ఇంట్లో ఆడవాళ్లను తిడుతున్నారు. మరొకరు ఫలానా పార్టీకి ఓటేసినవాళ్లకి అసలు ఓటు హక్కే ఉండకూడదంటున్నారు. దానికి బోలెడన్ని లైకులు. "వీళ్లలో ఒక్కరైనా మనిషిలా మాట్లాడారా చెప్పు? ఇలాంటి వాళ్ల మధ్యే కదా మనం బతుకుతున్నది" అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది.

ఫోన్ వెంటనే తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. కిందికి జరుపుతూ, ఈసారి మాటలు వదిలేసి పేర్లు మాత్రం చూశాను. కాసేపటికి అవే పేర్లు మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. సూర్యాస్తమయం ఫొటో పెట్టుకున్న ఒకాయన ప్రతి నాలుగు వేళ్ల దూరానికి ఒకసారి ఎదురవుతున్నాడు. ఆయనకి జవాబిస్తున్నది కూడా దాదాపు ఒకే మనిషి. పొద్దున మొదలైన వాళ్లిద్దరి గొడవ అర్ధరాత్రి దాటాక కూడా నడిచింది. అన్ని వందల కామెంట్లలో పెద్ద భాగం రాసినవాళ్లు పట్టుమని పదిహేను మంది ఉండరు. వాళ్ల మధ్యలో ఎక్కడో ఒకావిడ, "ఈ రూలు ముందే అప్లై చేసుకున్నవాళ్లకి కూడా వర్తిస్తుందా అండీ?" అని అడిగింది. ఒక్క లైకు లేదు. ఒక్క జవాబు లేదు.

అన్నయ్య చూపించిన జనం, మన చుట్టూ ఉన్న జనం ఒకటేనా? కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు కాదో చెప్పడానికి మాత్రం కొంచెం లోపలికి వెళ్లాలి. ఎందుకంటే ఈ ప్రశ్నకి మనం ఇచ్చుకునే రెడీమేడ్ సమాధానం ఒకటుంది. "అవన్నీ డబ్బులిచ్చి రాయించినవి, ఫేక్ అకౌంట్లు" అని కొట్టిపారేస్తాం. అలాంటివి ఉన్న మాట నిజమే. కానీ డబ్బుకి రాసేవాళ్లనీ, ఫేక్ అకౌంట్లనీ, మనిషే లేని బాట్‌లనీ మొత్తం ఏరిపారేసి, నిజాయితీగా తమ మనసులో మాట రాసే నిజమైన మనుషుల్ని మాత్రమే ఉంచినా మనకి కనిపించే బొమ్మ వంకరగానే ఉంటుంది. ఆ వంకర ఎక్కడెక్కడ పడుతుందో చూద్దాం.

మొదటి వంకర రాసేవాళ్ల దగ్గరే పడుతుంది. ఆన్‌లైన్‌లో వందమంది ఉంటే 90 మంది చదివి ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడూ రాస్తారని, రాతల్లో అధిక భాగం మిగిలిన ఒక్కరివే అని వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లోనే ఒక మోటు లెక్క చెప్పాడు. మోటు లెక్కే అయినా తర్వాత వచ్చిన కొలతలు దాన్ని పెద్దగా కాదనలేదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2019లో అమెరికాలోని వయోజన ట్విట్టర్ వాడకందారులను పరిశీలిస్తే, మొత్తం ట్వీట్లలో 80 శాతం కేవలం 10 శాతం మంది రాసినవని తేలింది. సరిగ్గా మధ్యలో నిలబడే మామూలు వాడకందారు నెలకి రాసింది రెండంటే రెండు ట్వీట్లు.

ఆ పదిశాతం చెడ్డవాళ్లని నేను అనడం లేదు. వాళ్లకి విషయం మీద పట్టింపు ఎక్కువ, అందుకే రాస్తారు. ఇబ్బంది అంతా మిగతావాళ్లు రాయకపోవడంలో ఉంది. ఒక గొడవలో "ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, నాకు ఇంకా పూర్తిగా తెలియదు" అనుకునే మనిషిని ఊహించుకోండి. ఆ మనిషి ఫోన్ తీసి ఏం రాస్తాడు? "నాకు తెలియదు" అని రాయడానికి ఎవరూ ఆవేశంగా కీబోర్డ్ తెరవరు. ఏమీ రాయకుండా పని చూసుకుంటాడు. ఆయన లాంటివాళ్లు ఎన్ని కోట్లమంది ఉన్నా కామెంట్లలో వాళ్ల లెక్క సున్నా.

ఇక్కడ చాలామంది పొరపడేది సంఖ్య దగ్గర. "పది మంది అంటే సరే, పదివేల మంది ఒకే మాట అంటుంటే అది జనాభిప్రాయం కాక ఏమిటి?" అంటారు. దీనికి ఇంటర్నెట్ పుట్టకముందే ఒక జవాబు దొరికింది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటిమందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అవన్నీ లెక్కపెట్టి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే సర్వే నిపుణుడు సుమారు 50 వేల మందిని మాత్రమే అడిగి, గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. పత్రిక ఎంచుకున్న పేర్లు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి వచ్చాయి. ఆ మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లు కాస్త కలిగినవాళ్లు. దానికి తోడు, కాగితం నింపి తిరిగి పంపే ఓపిక రూజ్‌వెల్ట్ మీద మండిపడుతున్నవాళ్లకే ఎక్కువ ఉంది. మన కామెంట్లు కూడా ఆ తిరిగొచ్చిన బ్యాలెట్ల లాంటివే. ఎవరూ అడగకపోయినా తమంతట తాము ముందుకొచ్చినవాళ్ల మాటలు అవి. ఇరవై లక్షలైనా అంతే.

రెండో వంకర ఎంపికలో ఉంది. రాసినవన్నీ మనకి కనిపించవు. ఏది పైకి రావాలో మిషన్, అంటే అల్గారిథమ్ అనే కంప్యూటర్ లెక్క, నిర్ణయిస్తుంది. ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ 2006లో వచ్చింది, లైక్ బటన్ 2009లో వచ్చింది. ట్విట్టర్‌లో రీట్వీట్ బటన్ కూడా 2009లోనే. 2016లో ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ "ఎప్పుడు రాశారు" అన్న వరుసని పక్కకి నెట్టి "ఏది చూపిస్తే వీళ్లు స్పందిస్తారు" అన్న వరుసకి మారాయి. ఒక పోస్టు నిజమా, మంచిదా, మర్యాదగా ఉందా అని ఆ మిషన్ అడగదు. ఈ మనిషికి ఇది చూపిస్తే ఏదో ఒకటి చేస్తాడా, చేస్తే ఏం చేస్తాడు అన్నది అంచనా వేస్తుంది. ఒక్కో పనికీ ఒక్కో వెయిటేజీ ఉంటుంది.

ఆ వెయిటేజీలు ఎలా ఉంటాయో బయటివాళ్లకి తెలిసిన సందర్భాలు తక్కువ. 2023లో ట్విట్టర్, ఎవరికి ఏ పోస్టు చూపించాలో నిర్ణయించే తన కోడ్‌లో కొంత బయటపెట్టినప్పుడు అలాంటి ఒక పట్టిక కనిపించింది. లైక్ కొట్టే అవకాశానికి 0.5. రీట్వీట్‌కి 1. జవాబు రాసే అవకాశానికి 13.5. ఆ జవాబుకి పోస్టు పెట్టిన మనిషి తిరిగి స్పందించే అవకాశానికి ఏకంగా 75. ఈ అంకెల్ని ఒకసారి నిదానంగా చూడండి. ఒక జవాబు 27 లైకులతో సమానం. జవాబుకి తిరిగి స్పందన వస్తే 150 లైకులతో సమానం. రిపోర్ట్ కొట్టే అవకాశం ఉంటే 369 తీసేస్తారు, ఆ జాగ్రత్త వాళ్లు పెట్టారు. కానీ కోపమొచ్చిన మనిషి రిపోర్ట్ బటన్ వెతుక్కుంటూ కూర్చోడు, తిరిగి తిడతాడు. పైన చెప్పిన సూర్యాస్తమయం ఫొటో ఆయన, ఆయన ప్రత్యర్థి రోజంతా చేసింది అదే. ఇలాంటి లెక్కలో వాళ్లిద్దరి గొడవ బంగారం. ఆవిడ అడిగిన ప్రశ్న మట్టి.

ఫేస్‌బుక్ కథ ఇంకా సూటిగా ఉంది. 2017 నుంచి అక్కడ ఎమోజీ రియాక్షన్లకి మామూలు లైక్ కంటే ఐదు రెట్లు విలువ ఇచ్చారు. ఆ ఎమోజీల్లో కోపం ముఖం కూడా ఉంది. అంటే ఒక పోస్టు చూసి మీకు ఒళ్లు మండి ఆ ఎర్ర ముఖం నొక్కితే, "ఇది ఇంకా చాలామందికి చూపించు" అని మీరే చెప్పినట్టు అయింది. కోపం రియాక్షన్లు ఎక్కువ వచ్చే పోస్టుల్లో తప్పుడు సమాచారం, విషపు మాటలు ఎక్కువగా ఉంటున్నాయని కంపెనీ సొంత పరిశోధకులే 2019లో తేల్చారు. 2020 సెప్టెంబరుకి కోపం ఎమోజీ విలువని సున్నా చేశారు. అక్కడ పనిచేసి మానేసిన ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల వల్ల 2021లో లోకానికి ఇదంతా తెలిసింది. ఆ పత్రాల్లో నన్ను బాగా కదిలించిన విషయం ఒకటుంది. కోపం విలువ సున్నా చేశాక తప్పుడు సమాచారం తగ్గింది, కలవరపెట్టే పోస్టులు తగ్గాయి, అయినా జనం ఫేస్‌బుక్ వాడకం తగ్గలేదు. మూడేళ్లపాటు జనం మీద కుమ్మరించిన ఆ కోపం, ఆ కంపెనీ వ్యాపారానికి కూడా అవసరం లేకపోయింది.

మూడో వంకర మనుషుల్లోనే పడుతుంది, నాకు అన్నిటికంటే భయం వేసేది దీన్ని చూస్తేనే. మిషన్ మనల్ని ఎంపిక చేయడమే కాదు, మనకి ట్రైనింగ్ కూడా ఇస్తుంది. నీతికి, ఆవేశానికి సంబంధించిన ఒక్కో మాట ట్వీట్‌లో చేరినకొద్దీ అది పాకడం దాదాపు 20 శాతం చొప్పున పెరిగిందని మనస్తత్వ పరిశోధకుడు విలియమ్ బ్రేడీ బృందం 2017లో చూపించింది. 2021లో బ్రేడీ మరికొందరితో కలిసి ఒక కోటి 27 లక్షల ట్వీట్లు తీసుకుని, వాటిని రాసిన 7,331 మంది కాలక్రమంలో ఎలా మారారో పరిశీలించాడు. ఆగ్రహం చూపించిన ట్వీట్‌కి లైకులు, షేర్లు బాగా వచ్చినవాళ్లు తర్వాత ఇంకా ఎక్కువ ఆగ్రహంగా రాశారు. 

దీన్ని దగ్గరగా ఊహించుకుంటే ఎలా ఉంటుందంటే, ఒక మనిషి మొదట "ఈ నిర్ణయం నాకు నచ్చలేదు, కారణాలు ఇవీ" అని నాలుగు పేరాలు రాస్తాడు. ఇద్దరు ఫ్రెండ్స్ లైక్ కొడతారు. మర్నాడు విసుగొచ్చి "సిగ్గు లేని వెధవలు" అని ఒక్క లైను రాస్తాడు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. మూడో రోజు ఆయన ఏం రాస్తాడో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మనిషి ఇంట్లో, ఆఫీసులో అలా మాట్లాడడు. అక్కడ ఎదుటివాళ్ల ముఖం కనిపిస్తుంది, మాట తూలితే వెంటనే తెలుస్తుంది. ఇక్కడ తూలినకొద్దీ చప్పట్లు.

అబద్ధాల సంగతి కూడా ఇలాంటిదే. నిజం నిద్ర లేచేలోపు అబద్ధం ఊరు చుట్టి వస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని కొలిచి, 2018లో ఫలితాలు ప్రచురించారు. అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజానికి పట్టిన టైమ్ అబద్ధం కంటే ఆరు రెట్లు. బాట్‌లని తీసేసి లెక్క చూసినా ఫలితం మారలేదు. పంపింది మనుషులే. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ, అందుకే పంపాలనిపిస్తుందని వాళ్లు భావించారు.

సరే, రాయనివాళ్లు ఏం చేస్తున్నారు? మన సామెత ప్రకారం మౌనం అర్ధాంగీకారం. ఆన్‌లైన్‌లో ఈ సామెత చాలా నష్టం చేస్తోందని నాకనిపిస్తుంది. జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ న్యూమన్ 1974లో మౌనం గురించి ఒక సిద్ధాంతం చెప్పింది. తన అభిప్రాయం తక్కువమందిదే అనిపిస్తే మనిషి వెలి పడతానేమోనన్న భయంతో నోరు మూసుకుంటాడు. అతను మూసుకునేసరికి ఆ వైపు ఇంకా బలహీనంగా కనిపిస్తుంది. అది చూసి ఇంకొకరు మూసుకుంటారు. సుడిలా అది అలా లోపలికి లాగుతూనే ఉంటుంది. నేను కూడా ఎన్నోసార్లు మూడు లైన్లు టైప్ చేసి, పైనున్న తిట్లు చూసి, ఒక్కో అక్షరం వెనక్కి చెరిపేశాను. ఆ క్షణంలో నేను తిట్లతో ఏకీభవించినట్టా? కాదు. కానీ చూసేవాళ్లకి మాత్రం అక్కడ నేను లేను, తిట్లు ఉన్నాయి.

ఈ వంకరలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఏమవుతుందో 2019లో మోర్ ఇన్ కామన్ అనే సంస్థ అమెరికాలో కొలిచింది. ఎదుటి పార్టీవాళ్లలో అతివాద అభిప్రాయాలున్నవాళ్లు ఎంతమంది ఉంటారని రెండు పార్టీలవాళ్లనీ అడిగితే, సగటున 55 శాతం అన్నారు. నిజానికి ఉన్నది 30 శాతం దగ్గర. ఎదుటివాళ్లని ఉన్నదానికి దాదాపు రెట్టింపు మొండివాళ్లుగా ఊహించుకుంటున్నారన్నమాట. ఎక్కువ వార్తలు చూసేవాళ్ల అంచనాలే ఎక్కువ తప్పాయి. తెలుసుకుంటున్నామనుకుంటూ ఎదుటి మనిషికి ఇంకా దూరమవుతున్నాం.

ఇది మన ఫోన్లతో ఆగిపోతే ఇంత చెప్పనక్కర్లేదు. "నెటిజన్లు మండిపడుతున్నారు" అనే హెడ్డింగ్ మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు? లోపలికి వెళ్తే మూడు పోస్టుల స్క్రీన్‌షాట్లు ఉంటాయి. ఆ మూడింటిని వార్త చేసేసరికి అది చదివినవాళ్లు నిజంగానే మండిపడటం మొదలుపెడతారు, ఈసారి ముప్ఫై పోస్టులు వస్తాయి. ఏ నాయకుడి టీమ్ అయినా ఆ ట్రెండింగ్ చూసి ప్రసంగం మార్చుకుంటే, ఆ ప్రసంగం మళ్లీ ఫీడ్‌లోకి వస్తుంది. గోరంత కొండంత అయ్యే దారి ఇదే. ఆ దారిలో ఎక్కడా, "అసలు ఎంతమంది అనుకుంటున్నారు ఇలా?" అని ఆగి అడిగే మనిషి ఉండడు.

ఇంతవరకు చదివినవాళ్లు "అయితే తప్పంతా అల్గారిథమ్‌దే, అది తీసేస్తే అంతా బాగుపడుతుంది" అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పరిశోధనలు ఆ సంతోషం మిగల్చలేదు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడకందారుల్లో కొందరికి మూడు నెలలపాటు అల్గారిథమ్ తీసేసి, పోస్టుల్ని టైమ్ వరుసలో చూపించారు. ఫలితాలు 2023లో వచ్చాయి. వాళ్లు అక్కడ గడిపే సమయం బాగా తగ్గింది. ఫేస్‌బుక్‌లో తిట్లున్న పోస్టులు కనిపించడం తగ్గింది, కానీ నమ్మదగని చోట్ల నుంచి వచ్చే పోస్టులు పెరిగాయి. వాళ్ల రాజకీయ అభిప్రాయాల్లో, ఎదుటి పార్టీ మీద ద్వేషంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏళ్ల తరబడి పేరుకున్నది మూడు నెలల్లో కరగకపోవచ్చు. ఒకరిద్దరి ఫీడ్ మారి చుట్టూ ఉన్నవాళ్లది మారకపోతే తేడా రాకపోవచ్చు కూడా. అయినా, ఒక్క స్విచ్ నొక్కితే మనుషులు మారిపోతారన్న ఆశని మాత్రం వదులుకోవాలి.

"ఎదుటివాళ్ల అభిప్రాయాలు కూడా చదివితే సరిపోతుంది" అన్న మంచి సలహా కూడా అంత తేలిగ్గా పనిచేయలేదు. సామాజిక పరిశోధకుడు క్రిస్ బెయిల్ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, అమెరికాలోని రెండు పెద్ద పార్టీలవాళ్లకీ డబ్బులిచ్చి నెలరోజులు ఎదుటివైపు మాటలు చూపించారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా తమ వైపే ఇంకా గట్టిగా జరిగారు. డెమొక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఎదుటివాళ్లలో బాగా గొంతున్నవాళ్లని చూపిస్తే వచ్చేది అర్థం చేసుకోవడం కాదు, ఒళ్లు మంట. ఇంకో ప్రయోగంలో 2018 అమెరికా ఎన్నికల ముందు కొందరికి డబ్బులిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు. వాళ్లలో రాజకీయ అంశాల మీద దూరం కొంత తగ్గింది, మనసు కాస్త తేలికపడింది, వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. అంటే మందు ఉంది, దానికి ఖరీదూ ఉంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇందులో కంపెనీకి, రాసేవాళ్లకి, వార్త చేసేవాళ్లకి, పంపేవాళ్లకి, చదివి ఊరుకునే మనకీ వాటా ఉంది.

నాకు ఆశ కలిగించేవి చిన్న చిన్న అడ్డంకులు. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కి మాత్రమే పంపేలా చేసింది. ఎవరి నోరూ కట్టలేదు, ఏ మాటనీ నిషేధించలేదు. ఇంకొకరికి పంపాలంటే ఇంకోసారి నొక్కాలి, అంతే. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. అంటే ఆ ఫార్వర్డుల్లో చాలా భాగం, రెండోసారి నొక్కేంత నమ్మకం కూడా లేకుండా పంపినవే. మనకి అడగడానికి ఏదైనా హక్కుంటే ఇలాంటివే అడగాలి. ఏ పనికి ఎంత వెయిటేజీ ఇస్తున్నారో బయటపెట్టమనాలి. కోపాన్ని ఎక్కువ మార్కులతో కొలవొద్దనాలి.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. కామెంట్లని కొట్టిపారేయమని నేను అనడం లేదు. 2017లో తమకి ఎదురైన లైంగిక వేధింపుల గురించి మీటూ అంటూ ఆడవాళ్లు రాసినవి చదివినవాళ్లకి, అప్పటిదాకా సర్వేల్లోనూ, మీటింగుల్లోనూ అంతగా వినపడని బాధ వినపడింది. కొన్నిసార్లు తక్కువమంది చెప్పేదే నిజం, దాన్ని అరిచి చెప్పక తప్పదు. ఒక అభిప్రాయం లోకంలో ఉందని కామెంట్లు చెప్పగలవు. అది ఎంతమందిదో చెప్పే శక్తి మాత్రం వాటికి లేదు. మొదటిది తెలుసుకోవడానికి చదివితే లాభమే. రెండోది తేల్చుకోవడానికి చదివితే అన్నయ్యకి పట్టిన దిగులే మనకీ పడుతుంది.

ఇదంతా ఆ రోజు అన్నయ్యకి ఇంత వివరంగా చెప్పలేదు. పేర్లు ఎలా తిరిగి తిరిగి వస్తున్నాయో చూపించాను. కింద ఉన్న ఆవిడ ప్రశ్న కూడా చూపించాను. అన్నయ్య ఆ రూలు కాగితం పూర్తిగా చదివినవాడు. ఫోన్ తీసుకుని, కళ్లజోడు సరిచేసుకుని, "ముందే అప్లై చేసుకున్నవాళ్లకి ఇది వర్తించదమ్మా, పాత పద్ధతే" అని టైప్ చేశాడు. మేము భోజనానికి లేచేలోపు ఫోన్ మోగింది. "థాంక్స్ అండీ, రెండు రోజుల నుంచి టెన్షన్‌గా ఉంది" అని ఆవిడ జవాబు. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత, ఆవిడ కింద ఇంకెవరో కొత్తగా అడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు రాయడం మొదలుపెట్టాడు.